చెడ్డ కబురు పైదాకా వెళ్తుందా?

రాత్రి పన్నెండుంపావు అయింది. జిల్లా ఎడిషన్ చివరి పేజీ వదలడానికి పావుగంటే ఉంది. ఆ పత్రికలో నేను ట్రైనీ సబ్ ఎడిటర్‌గా చేరి నాలుగు నెలలు. పేజీ కింద ఎడమవైపు ఒక మరణవార్త, పక్కన ఫొటో. పోయినాయన మా పక్క ఊరి రైసుమిల్లు యజమాని. ఫొటో మాత్రం ఆయనది కాదు, ఆయన తమ్ముడిది. తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు. పది రోజుల కిందటే బస్టాండులో కనిపించి "బాగున్నావా అమ్మా" అని పలకరించాడు.

ముందురోజు రాత్రి ఒక సీనియర్ హెడ్డింగులో తప్పు చూపిస్తే మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి ప్రూఫు కాగితం బల్ల మీద విసిరికొట్టి, "ముందు నీ పేజీ సంగతి చూసుకో" అన్నారు, హాలంతా వినబడేలా. ఆ మాట నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. తెర మీద ఆ ఫొటోను రెండుసార్లు పెద్దది చేసి చూశాను. నోరు మాత్రం పెగల్లేదు. పేజీ వెళ్లిపోయింది. ప్లేట్లు ఎక్కాయి.

తెల్లారి ఆరున్నర నుంచి ఫోన్లు. ఆ తమ్ముడి భార్యకు పుట్టింటివాళ్లు ఏడుస్తూ ఫోన్ చేశారట. మధ్యాహ్నం మీటింగులో మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ ఫొటో పెట్టిందెవరు?" పెట్టిన కుర్రాడికి మెమో ఇచ్చారు. "ఇది తప్పని ముందే ఎవరికైనా తెలిసిందా? తెలిస్తే ఎందుకు చెప్పలేకపోయారు?" అని ఎవరూ అడగలేదు. అడిగుంటే లేచి నిలబడేదాన్నేమో. ఆ కుర్రాడి మెమోలో నా వాటా ఉందన్న బాధ ఇరవై ఏళ్లయినా పోలేదు.

పనిచేసేచోట వాతావరణం ఆరోగ్యంగా ఉందా లేదా అన్న ప్రశ్న మీద వందేళ్లుగా పరిశోధనలు జరిగాయి, పుస్తకాలు వచ్చాయి, చట్టాలు వచ్చాయి. వాటిని చదివినకొద్దీ నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. కింద ఉన్న మనిషికి తెలిసిన చెడ్డ కబురు పైన ఉన్న మనిషికి ఎంతసేపట్లో చేరుతుంది, చేరవేసినవాడికి ఆ తర్వాత ఏమవుతుంది? ఈ ఒక్కటీ తెలిస్తే ఆ ఆఫీసు సంగతి చాలావరకు తెలిసినట్టే. గోడ మీద రాసుకున్న విలువలు, శుక్రవారం ఆటపాటలు, బతుకమ్మ రోజు లాబీలో వేసిన ముగ్గులు, ఇవన్నీ మంచివే. కానీ ఈ ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు.

జవాబు ప్రాణాల మీదికి వచ్చేది విమానాల్లో. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. విమానం సరైన ఎత్తులో, సరైన వేగంతో దిగడం లేదని కో పైలట్‌కి తెలుసు. ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేపుదామని అతను మూడుసార్లు అన్నట్టు విచారణలో తేలింది. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ వినలేదు. కంట్రోల్స్ చేతిలోకి తీసుకోవడానికి కో పైలట్‌కి చెయ్యి రాలేదు. అంతకు ముప్ఫై మూడేళ్ల ముందు, 1977 మార్చి 27న, స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది పోయినప్పుడూ ఇదే వరస. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదోనని ఫ్లైట్ ఇంజనీరు అనుమానం వెలిబుచ్చాడు. కెప్టెన్ కొట్టిపారేశాడు. ఆ తర్వాత ఇంజనీరు మళ్లీ అడగలేదు.

టెనెరిఫే తర్వాత విమానయాన రంగం చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 1979లో నాసా ఆధ్వర్యంలో జరిగిన సమావేశంతో మొదలై, కాక్‌పిట్‌లో మాట్లాడుకోవడాన్నే ఒక నైపుణ్యంగా నేర్పడం ప్రారంభించారు. కిందివాడు అనుమానాన్ని ఎలా చెప్పాలి, వినకపోతే స్వరం ఎలా పెంచాలి అన్నది ఒక పాఠమైంది. పైవాడు ఎలా వినాలి అన్నది అంతకన్నా పెద్ద పాఠం. ధైర్యం పుట్టుకతో వచ్చే గుణమని సరిపెట్టుకోకుండా, దాన్ని సాధన చేయించవచ్చని నమ్మారు. ఆ సాధన ఉన్నా మంగళూరు జరిగింది కాబట్టి ఒకసారి నేర్పి ఊరుకుంటే చాలదని కూడా ఒప్పుకోవాలి.

ఆసుపత్రుల్లో ఇదే విషయం మరో కోణంలో బయటపడింది. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు తొంభైల్లో నర్సింగ్ బృందాలను పరిశీలించింది. కలిసికట్టుగా పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అంచనా. లెక్క తీస్తే మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే అర్థమైంది: అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు, ఎక్కువ బయటికి వస్తున్నాయి. తిట్లు తినే వార్డులో నర్సు తప్పుని దాచుకుంటుంది, కాబట్టి ఆ వార్డు రికార్డు కడిగిన ముత్యంలా ఉంటుంది. 1999లో ఆమె దీన్నే సిద్ధాంతంగా రాసింది. దాని సారాన్ని, నోరు విప్పితే పరువూ ఉద్యోగమూ పోవన్న నమ్మకం బృందమంతటికీ ఉండటం అని తెలుగులో చెప్పుకోవచ్చు. 2012లో గూగుల్ తన బృందాల్లో ఏవి బాగా పనిచేస్తున్నాయో, ఎందుకో తేల్చుకోవడానికి అధ్యయనం మొదలుపెట్టింది. బృందంలో ఎంత తెలివైనవాళ్లు ఉన్నారన్నదానికన్నా ఈ నమ్మకమే ముఖ్యమని వాళ్లకీ తేలింది.

ఫిర్యాదులు లేవని గర్వపడే యజమానులకు ఈ నర్సుల కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

రికార్డులు శుభ్రంగా ఉండటానికీ వ్యవహారం శుభ్రంగా ఉండటానికీ సంబంధం లేదని హైదరాబాదు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2008లో సత్యం కంప్యూటర్స్‌కి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో ఏళ్ల తరబడి ఖాతాల్లో లేని డబ్బు చూపించానని ఒప్పుకున్నారు. ఏడు వేల కోట్లకు పైమాట. దొంగ ఇన్‌వాయిసులు ఒక్క చేతి మీదుగా తయారు కావు. చూసినవాళ్లు ఉంటారు, అనుమానం వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల మాట బోర్డురూము తలుపు దాకా రాలేదు. దాదాపు యాభై వేలమంది ఉద్యోగులు, వాళ్ల ఇంటి లోన్లు, కుదిరిన పెళ్లిసంబంధాలు ఒక్క ఉదయంలో గాల్లో వేలాడాయి.

విశాఖలో ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర 2020 మే 7 తెల్లవారుజామున ఒక ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు తీసింది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసినవాటిలో రెండు విషయాలు నా మనసులోంచి పోవు. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచేవారు, పైభాగం వేడెక్కుతున్న సంగతి మీటరుకి తెలియలేదు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది, మోగించలేదు.

అసలు ఈ విషయం మీద మొదటి పెద్ద పరిశోధన అమెరికాలో షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగింది. వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని మొదలుపెట్టారు. మనుషుల్ని పట్టించుకుంటే చాలు, ఉత్పత్తి పెరుగుతుందని ముగించారు. పాఠ్యపుస్తకాల్లో మిగిలింది ఈ ముక్కే, దానిమీద తర్వాత వచ్చిన విమర్శలూ తక్కువేం కావు. నాకు విలువైందిగా తోచేది చివర్లో టెలిఫోన్ పరికరాలకు వైర్లు చుట్టే గదిలో చూసిన సంగతి. పద్నాలుగు మంది మగవాళ్లు. ఎక్కువ పనికి ఎక్కువ డబ్బు అని కంపెనీ లెక్క. వాళ్ల లెక్క వేరే ఉంది: రోజుకి ఇంత, దాన్ని మించకూడదు. ఎవడైనా మించితే పక్కవాడు జబ్బ మీద ఒక గుద్దు గుద్దేవాడు. ఎక్కువ చేస్తే రేపు రేటు తగ్గిస్తారనీ మనుషుల్ని తీసేస్తారనీ వాళ్ల భయం. యాజమాన్యం రాసిన రూలు గోడ మీద ఉంది, నడిచే రూలు జబ్బ మీద ఉంది. 1985లో ఎడ్గార్ షైన్ పుస్తకం రాసి, సంస్థ సంస్కృతికి పైకి కనిపించే పొర, పైకి చెప్పుకునే పొర, ఎవరూ నోరెత్తి చెప్పకుండానే అందరూ నమ్మే అడుగుపొర ఉంటాయన్నాడు. ఆ గదిలో గుద్దు ఆ అడుగుపొర నుంచి వచ్చిందే.

ఇది మనుషుల స్వభావం, మార్చలేం అనేవాళ్లకు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ గట్టి జవాబు. జనరల్ మోటార్స్ దాన్ని 1982లో మూసేసింది. గైర్హాజరులో, గొడవల్లో దాని పేరు మోగిపోయేది. 1984లో టయోటాతో కలిసి తెరిచారు. యూనియన్ అదే, కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే. మారింది ఒక తాడు. లైనులో తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా ఆ తాడు లాగొచ్చు, అవసరమైతే లైను ఆగుతుంది. లాగినవాడి దగ్గరికి టీమ్ లీడర్ పరిగెత్తుకొచ్చి "ఏమైంది?" అని అడుగుతాడు, "ఎందుకు ఆపావు?" అని కాదు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరముందో ఆ రాత్రి మా డెస్కు మీద కూర్చున్న నాకు తెలుసు. అక్కడ గైర్హాజరు పడిపోయింది, కార్ల నాణ్యత పెరిగింది. జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని తన ఇతర ఫ్యాక్టరీలకు తీసుకెళ్లబోయి చాలాచోట్ల దెబ్బతింది. తాడు కట్టడం తేలికే. లాగినవాడి మీద మండిపడకుండా ఉండటం మేనేజర్లకు చేతకాలేదు.

మన దగ్గరికొస్తే చిక్కు భాషలోనే మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ "పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు" అని పెంచుతారు మనల్ని. విషయం చెప్పడం వేరు, ఎదురు చెప్పడం వేరు అని ఎవరూ విడమరచి చెప్పరు. అందుకే ఆఫీసులో కుర్రాడు "సార్, ఈ తేదీకి ఇది అవ్వదు" అనాల్సిన చోట "ట్రై చేస్తా సార్" అంటాడు. మన ఆఫీసుల్లో ట్రై చేస్తానంటే అవ్వదని అర్థం. అడిగినాయనకూ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. కానీ రిపోర్టులో మాత్రం పని నడుస్తున్నట్టు పచ్చరంగు పడుతుంది. ఐటీ కంపెనీల్లో పేరు పెట్టి పిలుచుకోవడం వచ్చింది, మంచిదే. పేరు పెట్టి పిలిచిన మేనేజరుకే రాత్రి పదకొండింటికి "అవ్వదు" అని మెసేజ్ పెట్టడానికి చెయ్యి వణుకుతుంది. గౌరవం తప్పని నేననను. గారు అంటూనే, మీరు అంటూనే నిష్ఠురమైన నిజం చెప్పగలిగిన పెద్ద గుమాస్తాలు, హెడ్ మిస్త్రీలు మన ఊళ్లలో ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. విని ఊరుకోకుండా "మంచి పని చేశావు, చెప్పావు" అనే పెద్దలే తక్కువ.

ఇంకొక ప్రశ్న ఉంది మనకి. కొత్తగా చేరినవాణ్ని మొదటి వారంలోనే "మీ ఇంటిపేరేంటి? మీదే ఊరు? ఆ ఊళ్లో ఎవరు మీకు?" అని అడుగుతారు. ఎందుకు అడుగుతున్నారో అడిగినవాడికీ తెలుసు, జవాబిచ్చేవాడికీ తెలుసు. ఆ తర్వాత టీ దగ్గర గుంపులు కడతాయి. మనవాడు చెప్పిన కబురు ఒక చెవికి చేరుతుంది, కానివాడు చెప్పింది "వాడికి మనమంటే పడదులే" అనే కొలతలోంచి పోతుంది. ఇది సముద్రాలు దాటి వెళ్లింది కూడా. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో కుల వివక్షను నిషేధించిన మొదటి నగరంగా సియాటిల్ నిలిచింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వాటిలో భారతీయులు పెద్దసంఖ్యలో ఉన్న ఊరు అది. ఇక్కడ మనం చర్చించకపోతే అక్కడివాళ్లు చర్చించాల్సి వచ్చింది.

ఆఫీసులన్నీ అద్దాల మేడలే కావు. పండగ ముందు చీరల షాపుకి వెళ్తే అమ్మాయిల కాళ్ల వంక చూడండి. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. కొనేవాళ్లు లేని మధ్యాహ్నం పూట కూడా కూర్చోకూడదు. అరకు వీపు ఆనించి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటుంటారు. పట్టీలు చీలమండల దగ్గర బిగుసుకుపోయి గీతలు పడుంటాయి. నీళ్లు తక్కువ తాగుతారు, ఎందుకంటే బాత్రూం కోసం మూడంతస్తులు దిగాలి, సూపర్‌వైజర్‌ని అడగాలి. కోళికోడ్‌లో ఇలాంటి స్త్రీలే విజి అనే ఆమె నాయకత్వంలో పెంకూట్టు అనే సంఘంగా కూడారు. మొదట మరుగుదొడ్డి కోసం, తర్వాత కుర్చీ కోసం. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. పని సంస్కృతి మీద వచ్చిన పుస్తకాలన్నిటికన్నా ఒక స్టూలు నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. కాళ్లు నొప్పిగా ఉన్నాయన్న కబురు షాపు ఓనరు నుంచి శాసనసభ దాకా ఎక్కాల్సి వచ్చింది మరి.

పని గంటల మీద రగడ అందరికీ తెలిసిందే. 2023లో నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నారు, 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 దాకా వెళ్లారు. అదే ఏడాది తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 గంటల హద్దు మాత్రం ఉంచింది. ఇక్కడ అభిప్రాయాల కన్నా ఆరోగ్య లెక్కలే మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించినదాని ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఇలా పోయినవాళ్లు 7,45,000 మంది అని అంచనా. పగలంతా పనిచేసి రాత్రి అమెరికా కాల్‌లో కూర్చునే మన పిల్లల్ని తలుచుకుంటే ఈ అంకెలు అంకెల్లా అనిపించవు.

అలసటకు కంపెనీలు కనిపెట్టిన మందు వెల్‌నెస్. ధ్యానం యాప్, యోగా గంట, ఒత్తిడి మీద వెబినార్. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది సమాధానాలు పరిశీలించి 2024లో ప్రచురించాడు. వీటిలో పాల్గొన్నవాళ్లు పాల్గొననివాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేరని తేలింది. స్వచ్ఛంద సేవకు వీలు కల్పించడం ఒక్కటే కాస్త మినహాయింపు. నాకు యోగా మీద కోపం లేదు, రోజూ చేస్తాను. కానీ "పని ఎక్కువైంది" అని ఒక మనిషి చెప్పినప్పుడు "ఊపిరి తీసుకోవడం నేర్చుకో" అనడం ఆ మాట విననట్టే. 2022లో బ్రిటన్‌లో 61 కంపెనీలు జీతం తగ్గించకుండా నాలుగు రోజుల వారం నడిపి చూశాయి, 56 కంపెనీలు దాన్ని కొనసాగించాయి. అక్కడ ముందుగా చేసిన పని మీటింగులు కోసేయడం, అంటే పనినే మార్చడం.

స్త్రీల విషయంలో చెడ్డ కబురు చెప్పే దారిని మనదేశంలో చట్టమే వేయాల్సి వచ్చింది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో భన్వరీదేవి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ప్రభుత్వ కార్యక్రమంలో భాగంగా, ఆ పని మీద ఉండగా వచ్చిన కక్ష అది. ఆ ఘటన నుంచి, పనిచోట లైంగిక వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది, ఆపైన ఉన్న ప్రతి పనిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు స్త్రీ కావాలి, సభ్యుల్లో సగమన్నా స్త్రీలుండాలి, ఒకరు బయటివారై ఉండాలి. మూడు నెలల్లో ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ. కాగితం మీద చక్కగా ఉంది. పదేళ్ల తర్వాత 2023 మేలో సుప్రీంకోర్టే అమలులో తీవ్రమైన లోపాలున్నాయని చెప్పాల్సి వచ్చింది. నేను మాట్లాడిన అమ్మాయిల్లో చాలామందికి కమిటీ ఉందని తెలుసు, అందులో ఎవరున్నారో తెలియదు. ఒకామె తెలుసుకుంది. కమిటీలో తన మేనేజరు స్నేహితురాలు ఉంది. ఆమె ఉద్యోగం మారిపోయింది. ఆ సంస్థ నివేదికలో ఆ ఏడాది ఫిర్యాదులు సున్నా.

ర్యాంకుల పద్ధతి కూడా నోళ్లు కట్టేస్తుంది. బృందంలో ఎంతమంది బాగా చేసినా ఇంతమందిని కింద పెట్టాల్సిందే అనే బెల్ కర్వ్ జీఈలో జాక్ వెల్చ్ కాలంలో పేరుపొంది మన ఐటీదాకా వచ్చింది. పక్కవాడి తప్పు నా హైక్ అయినప్పుడు పక్కవాడికి నేనెందుకు సాయం చేస్తాను? మైక్రోసాఫ్ట్ 2013లో దీన్ని వదిలేసింది. టార్గెట్ల సంగతీ అంతే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకి ఎనిమిది ప్రోడక్టులు అమ్మాలని నెత్తిన కూర్చుంటే ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో అది బయటపడేసరికి 5,300 మందిని తీసేసినట్టు తేలింది. అవ్వదని ముందే చెప్పినవాళ్లు వాళ్లలో ఎంతమంది ఉన్నారోనని ఆలోచిస్తాను. ఇన్సూరెన్సు అంటగట్టమని పైనుంచి రోజుకి మూడుసార్లు ఫోన్ వచ్చే మన బ్యాంకు శాఖల్లో కౌంటరు వెనక కూర్చున్నవాళ్లకు ఈ కథ కొత్తది కాదు.

నోరు విప్పగలిగే వాతావరణాన్ని కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. దీనికి మన దేశంలోనే పాత ఉదాహరణ ఉంది, మన మేనేజ్‌మెంట్ క్లాసుల్లో దాన్ని ఇంకా ఎక్కువ చెప్పాలి. అహ్మదాబాద్ కాలికో మిల్లుకి 1953లో లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఏ.కె. రైస్ వచ్చాడు. కొత్త ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగలేదు, బట్ట పాడవుతోంది. 224 మగ్గాల షెడ్డులో 29 మంది, పన్నెండు రకాల పనులు, ఎవడి ముక్క వాడిది. దారం తెగితే అది ఎవరి బాధ్యతో తేలేలోపు బట్ట పాడయ్యేది. కొన్ని మగ్గాలకు ఒక చిన్న గుంపు మొత్తం బాధ్యత తీసుకుంటే ఎలా ఉంటుందని రైస్ ఆలోచన. ఆ మాట చెవిన పడగానే కార్మికులే, సూపర్‌వైజర్లే గుంపులు కట్టుకుని పట్టీ తయారుచేసేశారు. మొదట్లో తడబడ్డా తర్వాత ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది. చదువు లేనివాళ్లు, పెద్దవాళ్లంటే భయం ఉన్నవాళ్లు, మన దేశంలో ఇవి నడవవు అనే మాటకు ఎప్పుడో దొరికిన సమాధానం అది.

1970లో రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ మళ్లీ ఆ మిల్లుకి వెళ్లాడు. ఒక షెడ్డులో గుంపు పద్ధతి పదిహేడేళ్ల తర్వాత కూడా దాదాపు చెక్కుచెదరకుండా నడుస్తోంది. మిగతాచోట్ల మార్కెట్టు కోరిక మీద బట్ట రకాలు పెరిగి, ఒత్తిడి వచ్చినప్పుడు పైవాళ్లు కల్పించుకోవడం మొదలై, పాత పద్ధతి కొద్దికొద్దిగా వెనక్కి వచ్చేసింది. ఎవరూ దాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఒక అర్జంటు ఆర్డరు రోజున ఎవరో "ఈ ఒక్కసారికి నేను చెప్పినట్టు చెయ్యండి" అని ఉంటారు. గుంపులో ఎవరో ఏదో చెప్పబోయి ఊరుకుని ఉంటారు. ఆ ఊరుకున్న మనిషి పేరు ఏ నివేదికలోనూ ఉండదు.